పిచ్చిగీతల నీళ్లు

సోమవారం

నీటి చిట్టాలో తొట్టి మట్టం తప్ప ఇంకేమీ రాయకూడదని సత్తిరాజు గారి ఆజ్ఞ. ఆయన పంచాయతీ ప్రెసిడెంటు కాబట్టి ఆజ్ఞలిస్తారు. నేను మాణిక్యాన్ని కాబట్టి నాకు తోచింది రాస్తాను. మట్టం బాగా తగ్గింది. అదీ రాసేశాను. ఇక మిగిలిన చోటు నాది.

ఆవిరి యంత్రం చచ్చింది. మేం వదిలే ఊపిరిలో, వంటింట్లో, తోటలో ఆకుల మీద పుట్టే తేమనంతా పట్టుకుని మళ్లీ నీళ్లు చేసిచ్చేది అదే. దాన్ని చూసుకునే మెకానిక్కు మా తమ్ముడు బుల్లబ్బాయి. లోపల చల్లబరిచే భాగం పగిలిందట, అతికినా నిలవదట. కొత్తది భూమి నుంచి ఓడలో రావాలి. ఓడేమో రెండేళ్లకు గానీ రాదు. కోనసీమలో గోదారి పక్కన హాయిగా బతుకుతున్న మా ముత్తాతలు అంగారకుడి మీద ఈ సొరంగంలోకి వచ్చి సొరంగపేట అని పేరు పెట్టి కాపురం చేశారు. ఏం చూసి వచ్చారో వాళ్లనే అడగాలి.

తేమ ఎక్కడికీ పోలేదు. గోడల మీదే ఉంది. మా గోడలకు నున్నటి పూత ఉంటుంది. మైనం రాసి వారం వారం మెరుగు పెడతాం. ఇల్లాలి ఒడుపంతా గోడ మెరుపులోనే తెలుస్తుందని ఇక్కడి వాళ్ల నమ్మకం. ఆ నున్నదనం మీద చుక్క నిలవదు, పారదు. ముత్యంలా లావెక్కి, తన ఇష్టం వచ్చిన చోట రాలి ఎర్రదుమ్ములో ఇంకిపోతుంది. నేనూ నా గుడ్డా నా బకెట్టూ పొద్దుటి నుంచీ ఆ చుక్కల వెనక పరిగెత్తుతున్నాం. తుడిచి పిండితే వచ్చేది వీధికి ఒక చెంబు.

సాయంత్రం వినికిడి జరిగింది. ప్రతి సోమవారం ఊరంతా పెద్ద గదిలో చేరి, అరచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, సత్తిరాజు గారు చదివే నివేదిక వినాలి. గాలి ఎంతుంది, వేడి ఎంతుంది, తోటలో ఏ మడి ఎండింది, ఏ తలుపు బిగుసుకుంది, అన్నీ ఉంటాయి. మొదటి తరంలో ఎవరో పరధ్యానంగా తీయకూడని తలుపు తీసి అందరి ప్రాణం మీదికి తెచ్చారట, అప్పటి నుంచి ఈ ఆచారం. అందరి మణికట్టుకూ ధ్యాసపట్టీ ఉంటుంది. చేయి కదిలితే ధ్యాస తప్పినట్టు లెక్క. నాకెప్పుడూ మొదటి స్థానమే. కళ్లు తెరుచుకుని నిద్రపోవడంలో ఈ గ్రహం మీద నన్ను మించినవాళ్లు లేరు.

మా బుల్లబ్బాయి భార్య హైమ ఎప్పుడూ ఆఖరు. చిన్నపిల్లల బడిలో పంతులమ్మ. దాని చేయి ఒక్క క్షణం ఊరుకోదు. గాజుకు తగిలించుకున్న పిన్నీసు తీసి, పక్కనున్న గోడ మీద ఏవో పిచ్చిగీతలు గీకుతూనే ఉంటుంది. గీకేది పైమైనాన్నే కదా అని ఊరు ఊరుకుంది, ఆ గోడకు మెరుగు పెట్టడం మాత్రం ఎప్పుడో మానేశాం. ఇవాళ మోచేత్తో పొడిచాను.

"చెయ్యి దించవే, అందరూ మనకేసే చూత్తన్నారు."

"వింటున్నాను వదినా."

"చేత్తో వింటావేంటే?"

"చెయ్యి ఆగితే నాకు చెవి కూడా ఆగిపోతుంది" అంది, ఇంకో సున్నా చుడుతూ.

గురువారం

ఈ మాట రాయడానికి చేయి రావడం లేదు.

ఉన్న నీళ్లు ఓడ వచ్చేదాకా ఇంతమందికి చాలవని లెక్క తేలింది. కొందరిని చలినిద్రలో పెడతారట. గాజుపెట్టెలో పడుకోబెట్టి ఒళ్లు చల్లబరిస్తే తిండీ నీళ్లూ అక్కర్లేదు, ఓడ వచ్చాక లేపుతారు. ఎవరిని పెట్టాలో తేల్చడానికి సత్తిరాజు గారు చేసిందల్లా ధ్యాసపట్టీల లెక్క తీయడం. ధ్యాస తక్కువైనవాళ్లు మెలకువగా ఉండి ఊరికి చేసే మేలు ఏముందని ఆయన వాదన. కింది నుంచి మొదలుపెట్టారు. మొదటి పేరు హైమది. వచ్చే మంగళవారం పొద్దున్నే.

బుల్లబ్బాయి అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూనే ఉన్నాడు, నోట్లో పెట్టుకోలేదు.

"నన్ను పెట్టమన్నానక్కా. నేనుంటే యంత్రాలు చూత్తానని ఒప్పుకోలేదు. ఏం చెయ్యాలో తెలీట్లేదు" అన్నాడు.

వాళ్ల కూతురు జాజికి నాలుగేళ్లు. అన్నీ వింటుంది, పిడుగు. నా ఒళ్లోకెక్కి అడిగింది.

"అత్తా, అమ్మ పడుకుని లేచేసరికి నేనెంత ఉంటాను?"

"నీ ముందుపళ్లు ఊడిపోయి కొత్తవి వచ్చేత్తాయి" అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

"మరి ఊడినప్పుడు అమ్మ చూడదా?"

గుడ్డ, బకెట్టు తీసుకుని గోడలు తుడవడానికి వెళ్లిపోయాను. ఆ పూట ఏ గోడ తుడిచానో నాకే తెలియదు.

శుక్రవారం

బడిగదిలో గోడలు తుడిచే వంక పెట్టుకుని హైమను చూసి వద్దామని వెళ్లాను. ఏడుస్తూ కూర్చుంటుందేమో, ఓదారుద్దామనుకున్నాను. అది శుభ్రంగా పాఠం చెబుతోంది. తెర మీద పాత భూమి బొమ్మలు పెట్టింది.

"ఇది చూశారా? వేల ఏళ్ల కిందట ఎవరో గుహలో మెత్తటి మట్టిగోడ మీద వేళ్లతో ఈడ్చిన గీతలు. జంతువు బొమ్మ కాదు, మనిషి బొమ్మ కాదు."

"ఎందుకు గీశారు టీచర్?"

"నువ్వు దుమ్ములో ఎందుకు గీస్తావు?"

"ఊరికే."

"వాళ్లూ ఊరికే."

తర్వాత తాటాకు పుస్తకం చూపించింది. ఇనుప గంటంతో ఆకు మీద గీకి, పైన మసి పూస్తే అక్షరాలు కనబడేవట. గంటం మొన బాగుందో లేదో చూసుకోవడానికి ఆ రాసేవాళ్లు కూడా ఓ మూల నాలుగు సున్నాలు చుట్టే ఉంటారంది. ఆ తర్వాత కాగితాలొచ్చాయి. కొట్టుకు వెళ్లి పెన్ను కొనేవాళ్లు అక్కడి కాగితం ముక్క మీద మెలికలు తిప్పి చూసేవారట. ఆ ముక్క మీద ఊరందరి మెలికలూ ఒకదాని మీద ఒకటి ఉండేవట. తాడున్న ఫోన్లలో మాట్లాడుతూ పక్కనున్న పంచాంగం అట్ట నిండా పూలూ పెట్టెలూ గీసేవారట. ఆఖరి బెంచీ పిల్లలు వృత్తలేఖిని ముల్లుతో బల్ల చెక్కేవారట. పెళ్లిచూపుల్లో తల వంచుకున్న పిల్ల కాలి బొటనవేలితో నేల మీద రాసేదట. ఆ మాటకు నేను కూడా నవ్వేశాను. మా అమ్మమ్మ అలాగే చేసిందని మా తాత వెక్కిరించడం నాకు గుర్తుంది.

"వాళ్లెవరూ బొమ్మ గీయాలని గీయలేదర్రా. మనసు ఒక పని మీద ఉంటే, చేతికి ఇంకో చిన్న పని దొరికేది. అలా గీస్తూ కూర్చున్నప్పుడు, అంతకుముందు ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా తట్టనిది టక్కున తట్టేది. తట్టాలని గీస్తే మాత్రం తట్టదు."

పిల్లలు వెళ్లాక దగ్గరికి వెళ్లాను.

"నీకేం భయంగా లేదటే?"

"ఉంది వదినా" అంది. తెర ఆర్పింది. "పెట్టెలో చేతులు కట్టేస్తారట కదా. జాజి జడ మాత్రం రోజూ మీరే వేయాలి. వాళ్ల నాన్న వేస్తే సాయంత్రానికి ఊడిపోతుంది."

దాన్ని దగ్గరికి తీసుకున్నాను. పదేళ్లలో మొదటిసారేమో. మేం అలాంటి మనుషులం కాము.

శనివారం

పొద్దున్న పెద్ద గది తుడవడానికి వెళ్లాను. హైమ ఎప్పుడూ కూర్చునే చోట, గోడ వారగా, జాజి ఆటగిన్నె ఒకటి పడి ఉంది. సోమవారం పిల్ల అక్కడే వదిలేసినట్టుంది. తీద్దామని వంగితే గిన్నె నిండా నీళ్లు. పొంగి పక్కకు కూడా కారుతున్నాయి.

ఎవరు పోశారో కనుక్కుని నాలుగు దులుపుదామని లేచాను. నీళ్లకు గతి లేక తల్లిని పెట్టెలో పెడుతుంటే ఇక్కడ ఆటలా? అప్పుడు తల పైకెత్తాను.

హైమ పిన్నీసు గీతలున్నాయి. మెలికలు తిరిగిన తీగ, తీగకు ఆకులు, ఆకు చివర చేప, చేప తోక నుంచి సుడి, సుడిలోంచి మళ్లీ తీగ. ఏళ్ల తరబడి ప్రతి సోమవారం గీసిన గీతలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి గోడంతా పాకాయి. ఆ గీతల్లో నీళ్లు నడుస్తున్నాయి. పూత మీద లావెక్కిన చుక్క పక్కనున్న గీతను ముట్టుకోగానే అందులోకి జారుతోంది. ఆకులోంచి తీగలోకి, తీగలోంచి సుడిలోకి పోయి, అట్టడుగు గీత చివరి నుంచి టప్‌మని గిన్నెలో పడుతోంది.

"నా తల్లే!" అని పైకే అన్నాను.

గిన్నె ఒంపి మళ్లీ పెట్టాను. నేను కిందటి వారమే మెరుగు పెట్టిన గోడ కింద ఒక గ్లాసు పెట్టాను. పక్కన చతికిలబడి చూశాను. గిన్నె సగానికొచ్చింది. నా గ్లాసులో అడుగు తడవలేదు. నా గోడ మాత్రం బ్రహ్మాండంగా మెరుస్తోంది.

బుల్లబ్బాయిని చెయ్యి పట్టి లాక్కొచ్చాను. చాలాసేపు నోరు తెరుచుకుని చూశాడు.

"అక్కా, ఇది ఊరంతా గీస్తేనో?"

"గీయవేంట్రా మరి! నన్నడుగుతావేం?"

వెంటనే కోతమిషను తెచ్చి పక్క గోడ మీద పై నుంచి కిందికి బారుగా, నిటారుగా గీతలు కొట్టాడు. చూడముచ్చటగా ఉన్నాయి. నీళ్లు మాత్రం అంతంతమాత్రమే. గీత మీద పడ్డ చుక్క సర్రున దిగిపోతోంది గానీ, గీతకూ గీతకూ మధ్యనున్న చుక్కలన్నీ పాత పద్ధతిలోనే నేల మీద రాలుతున్నాయి. హైమ తీగ గోడ మీద ఊరంతా తిరిగొస్తుంది, దారిలో కనబడ్డ ప్రతి చుక్కనూ వెంటబెట్టుకొస్తుంది. మా వాడి గీతలకు అంత ఓపిక లేదు.

ఆదివారం

పంచాయతీ కూర్చుంది. నేను గిన్నె, గ్లాసు రెండూ బల్ల మీద పెట్టాను. సత్తిరాజు గారు రెండింటినీ చూశారు. ఆశ పుట్టింది, మొహంలో తెలిసింది. అంతలోనే నీరసపడ్డారు.

"నీళ్ల సంగతి సరేనమ్మా. ఆ పూతే కదా మన గాలిని కాపాడేది. ఊరంతా గీకుతూ పోతే దాహంతో కాదు, ఊపిరాడక పోతాం. చిన్నప్పటి నుంచీ విన్నదే కదండీ. పూత గీస్తే ప్రాణం పోతుంది."

అందరూ తలలూపారు. నిన్న సంబరంలో ఆ మాటే మరిచిన నేనూ ఊపాను. మరి మేమంతా ఉగ్గుపాలతో పాటు తాగిన మాట అది. బుల్లబ్బాయి కుర్చీలో కూలబడ్డాడు. మంగళవారం మళ్లీ మా నెత్తి మీదికొచ్చి కూర్చుంది.

హైమ లేచింది.

"అవసరం లేదు కదండీ."

"ఏంటమ్మా?"

"లోపలి పూత గాలి కాపుకు అవసరం లేదు కదండీ. రాతి వెనక రెండో పొర వేశాక. నివేదికలో ఆఖరి పేరాలో ఉంటుంది. 'లోపలి పూత కేవలం శుభ్రత కొరకు' అని."

"ఎవరు చెప్పారు?"

"మీరేనండీ. ప్రతి సోమవారం చదువుతారు."

సత్తిరాజు గారు నివేదిక తెప్పించుకుని, కళ్లజోడు సవరించుకుని, ఆఖరికి తిప్పారు. పెదవులు కదిలిస్తూ చదువుకున్నారు. మళ్లీ చదువుకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. బుల్లబ్బాయి ఆయన భుజం మీదుగా తొంగిచూసి, గోడ వెనక గాలి కొలిచే పరికరం దగ్గరికి పరిగెత్తి, చూసుకుని వచ్చాడు. హైమ అన్ని సోమవారాలూ గీకిన ఆ గోడ దగ్గర వీసమెత్తు గాలి కూడా పోలేదు.

"నేను చదువుతానమ్మా, ఆయ్" అన్నారు సత్తిరాజు గారు నెమ్మదిగా. "కానీ విననండి."

మొట్టమొదట పగలబడి నవ్వింది నేనే. తర్వాత ఆయనా నవ్వారు. ఏళ్ల తరబడి చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, మొదటి స్థానాలు కొట్టేసి, మా నీళ్లను మేమే మైనం రాసి నేలపాలు చేసుకున్నాం. విన్నది ఒక్కతే. ధ్యాస లేదని దాన్నే పెట్టెలో పెట్టబోయాం.

సోమవారం

చలినిద్ర రద్దు చేయమని అడిగాను. చేస్తానని సత్తిరాజు గారు మాటివ్వలేదు. ఆయన్ను తప్పుపట్టను. ఒక్క గోడతో ఊరి దాహం తీరదు. ఇవాళ ఒక్కరోజులో ఎంత వస్తుందో చూసి రేపు పొద్దున చెబుతానన్నారు.

హైమను ఖాళీ గోడ ముందు నిలబెట్టాం. చేతికి పిన్నీసిచ్చాం. ఊరంతా చుట్టూ మూగి చూస్తోంది. అది గోడ వైపు చూసింది, మా వైపు చూసింది. ఒక గీత గీసి ఆగింది. ఇంకోటి గీసి తుడవబోయింది.

"రావట్లేదు వదినా. గీయమంటే ఎలా వస్తుంది?" దాని కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ ఒక్క పిన్నీసు మీదే కదా మా ఆశంతా! అప్పుడు శుక్రవారం అది పిల్లలతో అన్న మాట మెదిలింది. అరిచాను.

"ప్రెసిడెంటు గారూ! నివేదిక చదవండి!"

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఎప్పుడూ చదివేలాగే, చచ్చేంత విసుగ్గా చదవండి!"

ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. మహానుభావుడు, ఆ విద్యలో ఆయనకు తిరుగులేదు. గాలి, వేడి, మూడో తలుపు, నాలుగో తలుపు. హైమ భుజాలు వదులయ్యాయి. చూపు ఎటో పోయింది. చేయి కదిలింది. తీగ మొదలైంది.

"మీరూ గీయండి" అంది మమ్మల్ని చూడకుండానే. "గోడకేసి చూడకండి. ఆయన చెప్పేది వినండి."

ఊళ్లో ఉన్న పిన్నీసులు, సూదులు, మేకులు, గరిటె కాడలు అన్నీ బయటికొచ్చాయి. ఆడా మగా, ముసలీ ముతకా గోడల వెంట నిలబడి గీశారు. ఒకళ్లు రావిఆకులు, ఒకళ్లు చక్రాలు, ఒకళ్లు తమ పేరే మెలికలు తిప్పి తిప్పి గీశారు. నాకు మొదట ఏమీ రాలేదు. కర్ర పెట్టి కొట్టినట్టు ఒక అడ్డగీత వచ్చింది. తర్వాత తలుపుల గోల వింటూ ఉండగా ఎప్పుడు వచ్చిందో ఒక కోడిపిల్ల వచ్చింది. నేను కోడిని సినిమాల్లో తప్ప చూడలేదు. ఎవరి గీత ఎక్కడ ఆగితే పక్కవాళ్లు అక్కడి నుంచి అందుకున్నారు. నివేదిక అయిపోతే సత్తిరాజు గారు మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. పాపం ఆయన గొంతు బొంగురుపోయింది, ఆపలేదు.

విచిత్రం ఏమిటంటే, ఎన్నో ఏళ్లలో మొదటిసారి నేను ఆ నివేదిక విన్నాను. నాలుగో తలుపు బిగుసుకుందట. నేను రోజూ తన్ని తీసేది అదే.

మంగళవారం

గోడల కింద పెట్టినవన్నీ నిండాయి. చెంబులు, గిన్నెలు, బకెట్లు, స్నానాల తొట్టి, ఎవరిదో హెల్మెట్టు. సత్తిరాజు గారు పొద్దున్నే వచ్చి ఒక్కొక్కటీ చూసుకుంటూ నడిచారు. మా గుమ్మం ముందు ఆగి, జేబులోంచి కత్తెర తీసి, హైమ మణికట్టు మీది ధ్యాసపట్టీ కత్తిరించారు. ఆ తర్వాత రెండు చేతులూ జోడించారు. గొంతు పోయింది కాబట్టి మాట రాలేదు. ఆయన ఏమన్నారో మా అందరికీ తెలిసింది.

బుల్లబ్బాయి లోపలికి పోయి గోడ వైపు తిరిగి ఏడ్చాడు. నేను బయటే, అందరి ముందూ ఏడ్చాను. నాకు మొహమాటం లేదు.

సోమవారం, కొన్ని వారాల తర్వాత

మట్టం పెరిగింది. స్నానం ఇంకా వారానికోసారే. ఫర్వాలేదు, ఎవరి కంపు వారికి అలవాటే. ఓడ వచ్చేదాకా ఇబ్బంది లేదని బుల్లబ్బాయి అంటున్నాడు. గాజుపెట్టెల్లో తోటవాళ్లు బెండ నారు పోశారు. అది కూడా వినికిడిలో గీస్తూ ఉండగా ఒకాయనకు తట్టిన ఆలోచనే. ఈ మధ్య సోమవారాలు ఎవరికో ఒకరికి ఏదో ఒకటి తడుతోంది, పంచాయతీకి ఊపిరి సలపడం లేదు.

ధన్యవాదాలు చెప్పడం నాకు చేతకాదు. అయినా ఇక్కడ రాస్తున్నాను, ఎవరైనా చదువుకోండి. గుహలో మట్టిగోడ మీద ఊరికే వేళ్లు ఈడ్చిన ఆ ఎవరికో దండం. తాటాకు మూల సున్నాలు చుట్టినవాళ్లకు, కొట్లో పెన్ను కొంటూ మెలికలు తిప్పినవాళ్లకు, ఫోను చెవిలో పెట్టుకుని పంచాంగం పాడుచేసినవాళ్లకు దండం. మా హైమ దాకా ఆ అలవాటు పోకుండా తెచ్చారు, అది చాలు. అన్నిటికీ మించి, నేనెంత పొడిచినా చేయి దించని మా హైమకు దండం. పైకి చెబితే నెత్తికెక్కుతుంది.

ఇవాళ మధ్యాహ్నం జడ వేద్దామని జాజి కోసం బడికి వెళ్లాను. పాఠం అయిపోయింది. పిల్లలు అన్నాలకు వెళ్లారు. హైమ చాప మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది, జాజి దాని పొట్టకు ఆనుకుని కూర్చుంది. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకుంది.

"ష్‌, అత్తా. అమ్మ నిద్రపోతోంది."

దగ్గరికి వెళ్లి హైమ చేయి ముట్టుకున్నాను. వెచ్చగా ఉంది. బడి గంట కొడితే లేస్తుంది.